బ్రష్ అడుగున పట్టిన రంగు

టీ నీళ్ళు ఇంకా మరగనే లేదు, ఆ ఇంట్లో యుద్ధం మొదలైపోయింది. మామూలుగా అయితే అత్తాకోడళ్ళిద్దరూ టీ తాగాకే మొదలుపెట్టేవారు. ఆపాటి మర్యాద ఆ ఇంట్లో ఉండేది. ఆ రోజు అది కూడా కరువైంది.

కోడలు వీధిగదిలో మేకప్ బల్ల ముందు కూర్చుని, తన పెద్ద పౌడర్ బ్రష్‌ని అరచేతిలో అదిమి తీసింది. చేతికి నాలుగు వెంట్రుకలు అంటుకున్నాయి. మళ్ళీ అదిమింది. మళ్ళీ అంటుకున్నాయి. ఆమె పళ్ళు కొరుక్కుంది.

ఆ బ్రష్‌ని ఆమె ఆషామాషీగా కొనలేదు. పౌడర్ ఫౌండేషన్‌కి బ్రష్ పలచగా ఉంటే పౌడర్ మొహం మీద కంటే గాల్లోనే ఎక్కువ ఉంటుంది. బిరుసుగా ఉంటే చర్మాన్ని గీరి చారలు పెడుతుంది. ఒత్తుగానూ ఉండాలి, మెత్తగానూ ఉండాలి. ఆ రెండూ ఒకేచోట దొరకడం, మంచి అత్తా మంచి కోడలూ ఒకే ఇంట్లో దొరికినంత అరుదు. కొట్టువాడు విసుక్కుంటున్నా లెక్కచెయ్యకుండా ఒక్కొక్కటీ చెంపకి ఆనించి, వెంట్రుకలు లాగి చూసి మరీ ఎంచుకుంది దాన్ని. తన సొంత సంపాదనతో కొనుక్కున్న మొదటి మంచి పనిముట్టు అది.

అలాంటి బ్రష్ నిన్న పెళ్ళికూతురి చెంప మీద వెంట్రుకలు రాల్చింది. ఒకటి తీస్తే ఇంకొకటి. పెళ్ళికూతురి పిన్ని నలుగురిలో, "మేకప్ వేస్తున్నావా, మా పిల్లకి గడ్డం అంటిస్తున్నావా?" అని అడిగింది. గదంతా నవ్వింది. పెళ్ళికూతురి చెల్లెలి పెళ్ళికి వేరేవాళ్ళని చూసుకుంటామని అక్కడికక్కడే చెప్పేశారు.

"అత్తయ్యా! నా బ్రష్ ముట్టుకున్నారా మీరు?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. "ముట్టుకుంటే ఏం, అరిగిపోయిందా?"

"అరగలేదు, ఊడిపోతోంది. ఏం చేశారు దీన్ని?"

"కడిగాను. వేడినీళ్ళలో సబ్బుపొడి వేసి నానబెట్టి, శుభ్రంగా కడిగి, గ్లాసులో నిలబెట్టి ఎండలో పెట్టాను. కడగడం కూడా నేరమేనా ఈ కొంపలో?"

కోడలి ప్రాణం ఉసూరుమంది. ఆ బ్రష్‌ని గోరువెచ్చటి నీళ్ళలో కొసలు మాత్రం తడిపి కడగాలి. తడి ఆరేదాకా పడుకోబెట్టాలి. నిలబెడితే నీళ్ళు పిడిలోకి దిగి, వెంట్రుకల్ని పట్టి ఉంచే జిగురు వదిలేస్తుంది. ఈ మహాతల్లి దాన్ని చెంచాలు ఆరబెట్టినట్టు ఆరబెట్టిందన్నమాట!

"పెళ్ళివాళ్ళ ముందు నా పరువు తీశారు అత్తయ్యా."

"ఒక్క కుచ్చు కోసం ఇంత రభసా?"

"అవును, మీకది కుచ్చే! అత్త కొట్టింది ఎప్పుడూ అడుగోటి కుండేగా. అదే నేను మీ పాలగిన్నె మాడిస్తే వీధి చివరిదాకా వినిపించారు."

అత్తగారు గుమ్మం దాకా వచ్చి ఆగింది. గదిలోకి మాత్రం అడుగు పెట్టలేదు. ఆవిడ చెంపలు రెండూ ఎర్రగా కంది ఉన్నాయి. కోపమనుకుంది కోడలు.

"నా సామాను జోలికి రావద్దన్నాను. అసలు ఈ గదిలోకే రావద్దన్నానా లేదా?"

అత్తగారి పెదవులు బిగుసుకున్నాయి. "అన్నావు. బాగానే అన్నావు. ఇకమీదట ఈ గదిలోకే కాదు, నీ గడపలోకే రాను. నా కూతురి దగ్గరికి పోతున్నాను." ఆ వెంటనే లోపలికి తిరిగి కేక పెట్టింది. "ఒరేయ్! నాకు బండి పిలు!"

సగం గీసిన గడ్డంతో, సగం నురగతో కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "పొద్దున్నే ఏమిటమ్మా ఇది?"

"బండి పిలవమన్నాను."

"పిలవండి," అంది భార్య. "ఎన్నాళ్ళని బెదిరిస్తారు ఈవిడ?"

విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. ఆ మహానుభావుడు కాసేపు పాము వైపు, కాసేపు కప్ప వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరు పామో, ఎవరు కప్పో చెప్పే ధైర్యం ఆయనకి ఎన్నడూ లేదు. ఫోను తీసి బండి పిలిచి, భార్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఈసారి ఊరికే అనడం లేదే. పెట్టె దించింది. వెళ్తే మళ్ళీ రాదు," అన్నాడు.

"వెళ్ళనివ్వండి," అంది ఆమె. ఆ క్షణంలో నిజంగానే అనుకుంది ఆ మాట.

ఆ వీధిగది ఒకప్పుడు అత్తగారిది. మామగారు పోయాక ఆవిడ పొద్దంతా కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ళని పలకరిస్తూ పొద్దుపుచ్చేది. కోడలు అక్కడ మేకప్ పని మొదలుపెట్టాక కూడా ఆ కుర్చీ అక్కడే ఉండేది. అత్తగారి చెంపల మీద దట్టంగా మంగు మచ్చలున్నాయి. ఒకసారి కొత్తగా వచ్చిన ఒకావిడ వాటిని చూసి, "ఈవిడకీ మీ సామానే వాడారా?" అని నవ్వి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఆ సాయంత్రం కోడలు, "ఎవరైనా వచ్చినప్పుడు మీరు లోపలుండండి అత్తయ్యా, చూసేవాళ్ళు ఏమనుకుంటారో," అంది. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే అత్తగారు ఆ రోజు ఒక్క మాటా అనలేదు. కుర్చీ తనే ఈడ్చుకుంటూ వెనకగదిలోకి పోయింది. గొడవ లేకుండా పని జరిగిందని కోడలు సంతోషించింది కూడా.

ఇప్పుడామె బ్రష్‌ని చెత్తబుట్టలో పడేద్దామని లేచి, కసి తీరక కుచ్చు పట్టుకుని ఒక్క లాగు లాగింది. కుచ్చంతా చేతిలోకి ఊడొచ్చింది. అడుగున, నీళ్ళతో ఎంత కడిగినా వదలని చోట, పౌడర్ గట్టిగా పేరుకుని ఉంది. పెళ్ళికూతురికి వేసిన లేతరంగు కాదది. చామనఛాయలో కాస్త ఎరుపు కలిసిన రంగు. అలాంటిది తన మేకప్ పెట్టెలోనే లేదు.

మొహానికి తగ్గ రంగు వెతకడమే ఆమె బతుకుతెరువు. ఈ రంగు ఎవరి మొహానికి తగినదో కనిపెట్టడానికి ఆమెకి క్షణం పట్టలేదు. ఆ ఎర్రబడ్డ చెంపలూ అప్పుడే గుర్తొచ్చాయి. అది కోపం కాదు, రుద్దుడు.

వెనకగదిలో అత్తగారు పెట్టెలో బట్టలు కుక్కుతోంది. కోడలు కుచ్చుని ముందుకు చాపింది. "ఇది మీ పౌడరా అత్తయ్యా?"

అత్తగారు చూసింది. బట్టలు కుక్కడం ఆపలేదు. "నాదే. నువ్వు బయటికి పోయినప్పుడల్లా రాసుకున్నాను. పోయి నలుగురికీ చెప్పుకో, ముసలిదానికి సోకులు కావలసొచ్చాయని!"

"నన్నడిగితే నేనే వేసేదాన్ని కదా."

"అడగాలా?" ఆవిడ గొంతు ఒక్కసారిగా లేచింది. "నా కుర్చీలో నేను కూర్చోడానికి నిన్నడగాలా? ఆ కుచ్చుతో, అది లేనప్పుడు తువ్వాలుతో, ఎంత అదిమి రుద్దినా ఈ పాడు మచ్చలు మాయం కాలేదు. ఒక్కనాడు కుదిరినా, ఏమీ ఎరగనట్టు వచ్చి కిటికీ దగ్గర కూర్చుందామనుకున్నాను. అప్పుడు నీకు తలవంపులుండవు కదా! నా మొహానికి రాసుకున్నది ఇంకొకరింటి పిల్లకి తగలకూడదని ఆ కుచ్చుని కడిగాను. వెధవ బుద్ధి, కడిగాను!"

ఆవిడ మంచం మీద కూలబడి, చేతిలో ఉన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుపులో కూడా ఆ మచ్చలే దాచుకుంటోందని కోడలికి అర్థమైంది. పరువు పోయిందని పొద్దుటి నుంచీ తను ఎగిరింది ఒక్క నవ్వుకి. ఈవిడ తన మాటని మోస్తూ ఇన్నాళ్ళూ ఈ చీకటి గదిలో కూర్చుంది. కోడలికి దుఃఖం ముంచుకొచ్చింది.

"నేనలా అనకుండా ఉండాల్సింది అత్తయ్యా."

"ఇవాళ తెలిసిందా?"

"ఇవాళే తెలిసింది."

కోడలు కళ్ళు తుడుచుకుని, పెట్టెలో బట్టల మధ్య కనిపించిన అత్తగారి పౌడర్ డబ్బా, మూలనున్న కుర్చీ ఎత్తుకుని వీధిగదిలోకి తెచ్చి కిటికీ పక్కన వేసింది. "రండి."

"రాను. బండి వస్తుంది."

"వస్తే ఆగుతుంది. రండి."

అత్తగారు గుమ్మం దగ్గర చాలాసేపు తటపటాయించి, చివరికి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. కోడలు ఒక బ్రష్ తీసి ఆవిడ చెంపకి ఆనించింది. "గుచ్చుకుంటోందా?"

"గుచ్చుకుంటోంది."

"ఇది?"

"పిల్లితోకలా ఉంది. దీంతో ఏమంటుకుంటుంది నా మొహాన?"

"మరి ఇది?"

అత్తగారు కళ్ళు మూసుకుని చూసింది. "ఇది పరవాలేదు."

ఆ ఇంటికి వచ్చాక కోడలు ఆవిడ నోట విన్న పెద్ద మెప్పు అదే. అత్తగారి డబ్బాలోంచే కాస్త పౌడర్ తీసుకుని, చెంప మీద అద్దడం మొదలుపెట్టింది. "రుద్దకూడదు అత్తయ్యా. ఇలా అద్ది వదిలెయ్యాలి."

"నెమ్మది. మొహం అది, అంట్లగిన్నె కాదు."

బయట హారన్ మోగింది. కొడుకు బిక్కుబిక్కుమంటూ తొంగిచూశాడు. "అమ్మా, బండి వచ్చింది."

"పంపించెయ్. ముందు ఆ రెండో వైపు గడ్డం గీసుకో, చూడలేకపోతున్నాం."

బండి కదిలిన చప్పుడుతోపాటే గుమ్మంలో ఎవరో తలుపు తట్టారు. మేకప్ గురించి మాట్లాడడానికి ఒకావిడ వచ్చింది. అత్తగారు అలవాటు కొద్దీ చటుక్కున లేచింది. ఒక చెంప నునుపుగా ఉంది, రెండో చెంప మీద మచ్చలు మచ్చల్లానే ఉన్నాయి. కోడలు ఆవిడ భుజం పట్టి కూర్చోబెట్టింది.

"సగంలో లేస్తే ఎలా?" అని గుమ్మం వైపు తిరిగింది. "రండి. మా అత్తయ్యగారు. ఈవిడది అయ్యాకే మీది."

వచ్చినావిడ ఒక చెంపా చూసింది, రెండో చెంపా చూసింది. "ఈ మచ్చలు..." అని నసిగింది.

"మంగు," అంది కోడలు. "ఆవిడకి కప్పాలనిపిస్తే కప్పుతాను. లేకపోతే ఇలాగే కూర్చుంటుంది. ఇది ఆవిడ గది."

అత్తగారికి కళ్ళు చెమ్మగిల్లాయి. పౌడర్ చెరుగుతుందని తుడుచుకోలేదు. కుర్చీలో వెనక్కి జరిగి సర్దుకుని కూర్చుంది.

"అలా నిలబడిపోయావేం, కూర్చోమ్మా," అంది వచ్చినావిడతో. "మా కోడలి బ్రష్ మెత్తన, చెయ్యి మెత్తన. నోరే కాస్త గరుకు. అది నేను చూసుకుంటానులే."