స్కానర్ అద్దం మీద బొట్టు

బద్రీనాథ్ సేటు తన నోటికాడి కూడు లాక్కున్నాడని కిష్టప్ప పద్నాలుగేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. వినేవాళ్లే ఒక్కొక్కరూ తగ్గిపోయారు. భార్య మొగులమ్మ కాలం చేసింది. కూతురు అరుణ కాలేజీ హాస్టల్లో చేరాక ఇంటి మొహం చూడలేదు. సాయంత్రం గదికి చేరితే ఆ మాట గోడలకే చెప్పుకోవాలి. అందుకే బీరంగూడలో టైర్ల షాపు మీదున్న డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి, కూర్చోకముందే మళ్లీ మొదలుపెట్టాడు.

"ఆ సేటే మేడం. అప్పుడు నా పొలం మింగిండు. ఇప్పుడు నా బిడ్డ రాసిన కాగితం మింగిండు."

లక్ష్మీనరసమ్మ పటాన్‌చెరులో ఓ ఫ్యాక్టరీ టైమాఫీసులో ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషి. ఎవరి కార్డు ఎవరు గుద్దారో మొహం చూసి పట్టేసేది. రిటైరయ్యాక ఈ ఆఫీసు తెరిచింది. ఆమె నోరు తెరిస్తే సహాయకుడు శ్రీశైలం నోట్‌బుక్కు తెరుస్తాడు.

"మింగుడు తర్వాత. మొదటికెళ్లి చెప్పు."

కిష్టప్ప సంగారెడ్డిలో ఒక కాలేజీ అటెండరు. అక్కడ విద్యార్థుల కథల పోటీలో గెలిచినవాటిని చేతిరాత కాగితాలతోనే స్కాన్ చేసి కాలేజీ డిజిటల్ రిపాజిటరీలో పెడతారు. ఎవరైనా, ఎక్కడినుంచైనా తెరిచి చదువుకోవచ్చు. కిష్టప్ప దాన్ని కంప్యూటర్ బీరువా అంటాడు. ఈసారి మొదటి బహుమతి అరుణది. "ఇది మా సుల్తాన్‌పూర్ పొలం కథ" అని ఆమె స్టేజీ మీద చెప్పినప్పుడు, హాలు చివర నిలబడ్డ కిష్టప్పకు పద్నాలుగేళ్ల తర్వాత ఎవరో తన మాట విన్నట్టనిపించింది.

"దసరా ముందు బీరువల నాలుగు పేజీలున్నయి మేడం. సెలవులైనంక జూస్తే మూడే."

"చదివినవా?"

"నాలుగో తరగతిల బడి ఇడిసిన. గొలుసుకట్టు రాత నాకు రాదు. లెక్కవెట్టుడు వస్తది."

"మరి పోయిన పేజీల సేటు పేరున్నదని ఎట్ల తెలుసు?"

"ఇంకేముంటది?" అన్నాడు కిష్టప్ప, ఆ ప్రశ్నే తప్పన్నట్టు.

"అసలు కాగితాలు ఎవరిదగ్గరున్నయి?"

"సెలవుల ముందు సర్టిఫికెట్లతోని అందరియి వాపస్ ఇచ్చిండ్రు. అరుణ కవరు నేనే హాస్టల్‌కు తీస్కపోయిన. ఆమె బయటికి రాలే. వాచ్‌మన్ చేతులవెట్టి వచ్చిన."

 లక్ష్మీనరసమ్మ శ్రీశైలం నోట్‌బుక్కు మూయించింది.

మర్నాడు ముగ్గురూ కాలేజీ లైబ్రరీకి వెళ్లారు. రిపాజిటరీ చూసుకునే లైబ్రేరియన్ స్నేహలత కథ తెరిచింది. లక్ష్మీనరసమ్మ మూడు పేజీలనూ పెద్దవి చేయించి చూసింది. ప్రతి పేజీకీ కింది మూల ఒకేచోట పసుపుపచ్చని గుండ్రటి మరక, దాని నడుమ ఎర్ర చుక్క. మిగతా విజేతల కథలు తెరిపించింది. ఏ పేజీ మీదా మరక లేదు.

ఆమె లేచి స్కానర్ మూత ఎత్తింది. అద్దం మూలన ఎండిన పసుపు, దాని మీద కుంకుమ.

"ఇదెవరి పని?"

"నాదే మేడం. ఆయుధపూజ నాడు అన్ని మిషన్లకు పెట్టిన."

శ్రీశైలం నవ్వాపుకోలేకపోయాడు. "మూత మీద పెట్టాలె గని అద్దం మీద పెట్టుడేందే కాకా?"

"మూత మొహమెట్లయితది సార్? అద్దమే గద దాని మొహం."

స్నేహలత మాత్రం నవ్వలేదు. లక్ష్మీనరసమ్మ అది గమనించింది.

"రేపు పొద్దుగాల సేటును పిలువుండ్రి. అరుణను గుడ" అంది.

పోటీ బహుమతులు ఏటా కిరాణా కొట్టు బద్రీనాథే ఇస్తాడు. మర్నాడు లైబ్రరీకి వస్తూనే కుర్చీ లాక్కున్నాడు.

"అరె కిష్టప్పా, పొలం కొన్న, సచ్చీ బాత్, నిజమే. నీ బిడ్డ కాగితం నాకెందుకు? కందిపప్పు పొట్లం గట్టాల్నా?"

"నీకు అలవాటే గద సేటూ!"

"ఇద్దరూ ఆగుండ్రి" అంది లక్ష్మీనరసమ్మ. "ఉన్న ఫైలుల నుంచి ఎవరో ఒక పేజీ కోసేస్తే, మిగిలిన మూడు వెనుకటి లెక్కనే సాఫుగ ఉండాలె. వాటి మీద పసుపున్నది. అంటే పూజ తర్వాత మళ్ల స్కాన్ చేసిండ్రు. మళ్ల స్కాన్ చెయ్యాలంటే అసలు కాగితాలు చేతిల ఉండాలె. అవి పూజకు ముందే హాస్టల్‌కు పోయినయి. తీస్కపోయింది నువ్వే, కిష్టప్పా."

కిష్టప్ప మెల్లగా కూతురి వైపు తిరిగాడు.

"సెలవుల్లో అరుణే వచ్చి తీసెయ్యమంది" అంది స్నేహలత. "పేజీ కొయ్యడం నాకు రాదు, అందుకే కొత్తగా స్కాన్ చేశాను. రాసినవాళ్లు అడిగితే మార్చాలి. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది."

"ఎందుకు బిడ్డా?"

"అందరు చదువుతరని నాయినా."

"చదవాలనే గద!"

అరుణ బ్యాగులోంచి మడిచిన కాగితం తీసింది.

"కేసు అయిపోయింది" అంది లక్ష్మీనరసమ్మ. "అది చదవాల్నా వద్దా అన్నది నీ ఇష్టం, కిష్టప్పా."

కిష్టప్ప కుర్చీ కూతురి వైపు జరుపుకున్నాడు. "చదువు."

అరుణ చదివింది. "'మా నాన్నను ఎవరూ మోసం చేయలేదు. అమ్మ వద్దని ఏడ్చింది. లారీ కొంటానని ఆయనే అమ్మాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో బొటనవేలి సిరా నా గౌనుకు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం వాడకట్టంతటికీ దావత్ ఇచ్చాడు. ఏడాదిలోపే లారీ తుక్కు కింద పోయింది. అప్పటి నుంచి సేటు పేరు పట్టుకున్నాడు. ఆ పేరు వదిలితే తన పేరు చెప్పుకోవాలి.'"

బద్రీనాథ్ తల దించుకున్నాడు. కిష్టప్ప తన బొటనవేలిని చూపుడువేలితో రుద్దుతూ కూర్చున్నాడు, సిరా ఇంకా పోనట్టు. తర్వాత లేచి స్కానర్ మూత ఎత్తి, అంగీ అంచుతో అద్దం మీది పసుపు తుడిచాడు.

"ఇది గుడ పెట్టుండ్రి మేడం" అని స్నేహలతతో అంటూ అరుణ చేతిలోని కాగితం అందుకున్నాడు. అద్దం మీద పరచబోతూ లైన్లు వేలితో లెక్కపెట్టి, చివరిదాని దగ్గర ఆగాడు. "ఇంకొక లైను ఇడిసిపెట్టినవ్ బిడ్డా. నాకు లెక్కవెట్టుడు వస్తది."

"అది నిండలే నాయినా. 'మేం పోగొట్టుకున్నది' అని రాసి చుక్కలు పెట్టిన. ఎంత పొలమో నాకు తెల్వదు. అడుగుదామంటే నువ్వు సేటు పేరే ఎత్తుతవ్."

శ్రీశైలం తన పెన్ను అరుణ ముందు పెట్టాడు. కిష్టప్ప ఈసారి ఎవరి పేరూ ఎత్తలేదు.

"రాసుకో బిడ్డా. ఎకరం ఇరవై మూడు గుంటలు."