కలిసి ఖర్చయిన అడ్రసులు

వెనక మెట్లు వానకి తడిసి ఉన్నాయి.

ఆవిడ కాలు జారింది!

అతను చటుక్కున చెయ్యి పట్టుకుని నిలబెట్టాడు.

"ఆ చెయ్యి కాదు," అంది ఆవిడ పళ్ళ బిగువున. "విరిగింది."

కుడి మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. పక్కకి వాలిపోయి ఉంది.

పైన తలుపు ధడాలుమంది... జీపులోంచి పనిముట్ల సంచీ తేవడానికి ముందు గేటు వైపు వెళ్ళిన ఇద్దరూ తిరిగొచ్చేశారు. అతను కట్లు విప్పేసిన ఖాళీ కుర్చీ చూసి ఉంటారు.

"ఇంతకీ ఎవరు మీరు?"

"డ్రైవింగ్ నేర్చుకుందామని వచ్చాను," అన్నాడు కళ్ళజోడు పైకి తోసుకుంటూ. నోటికొచ్చింది అనేశాడు.

ఆవిడ ఎగాదిగా చూసింది.

"మంచి టైమే చూసుకున్నారు."

సందులో ఆవిడ డ్రైవింగ్ స్కూలు కారు. పైన వెలుగుతున్న బోర్డు. ఆవిడ ఎడం చేత్తో తాళాలు అతని మీదకి విసిరి, అవతలి తలుపు తీసుకుని పక్క సీట్లో కూలబడింది.

"మేడమ్, మీరు..."

"గేరూ స్టీరింగూ రెండూ ఒక్క చేత్తో ఎలా తిప్పను? ఎక్కండి."

"నాకు నిజంగానే రాదు."

"నేర్చుకుందామని వచ్చానన్నారుగా. నేర్చుకోండి."

ఎక్కాడు. ఆవిడ కాళ్ళ కింద కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉన్నాయి. స్కూలు కార్లు అంతే. నేర్చుకునేవాడు ఎంత తిక్కగా తోలినా, ఆపే పెడల్ మాత్రం మేడమ్ కాలి కిందే ఉంటుంది.

"తాళం తిప్పండి. క్లచ్చి నాది. మొదటి గేరు ముందుకి. ఆ చివర ఉన్నది రివర్స్, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. కొత్తవాళ్ళకి ఇవ్వను. రివర్స్ నా పని."

కారు కుప్పిగంతు వేసింది!

ఆగింది... మళ్ళీ గెంతింది. చెత్తడబ్బాని గుద్దుకుని రోడ్డెక్కింది.

వెనక జీపు లైట్లు.

"పోలీసులకి ఫోన్ చేశాను," అన్నాడు. "వస్తామన్నారు."

"వచ్చేసరికి మనల్ని తుడిచి ఎత్తాలి. బ్రిడ్జి దాటితే స్టేషన్. తిన్నగా పోనివ్వండి. రెండో గేరు."

"పైన ఆ బోర్డు లైటు..."

"ఆరదు. స్విచ్చి పోయి నెలయింది."

ఊరంతటికీ కనపడేలా వెలుగుతూ పారిపోతున్నారు ఇద్దరూ.

చీకటి పడుతోంది. వాన పెరిగింది. ఆవిడ విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, కుదుపు కుదుపుకీ పెదవి కొరుక్కుంటోంది. కానీ గొంతులో మాత్రం అదే పాఠం చెప్పే నిదానం. అద్దంలో చూడండి. భుజాలు బిగించకండి. ఎడం పక్కకి... చాలు.

ఆ మంచితనమే అతన్ని చంపుతోంది.

"ఏం కావాలిట వాళ్ళకి?" అడిగాడు. తెలిసే అడిగాడు.

"క్రిప్టో. మా వెబ్‌సైట్‌లో ఒక అడ్రసు పెట్టాను, అకౌంటు నంబరు లాంటిది, ఫీజు అందులోనూ కట్టొచ్చని. నా తమ్ముడి సలహా. ఇద్దరు కట్టారు. మొత్తం కలిపితే రెండు టైర్లు రావు. పాస్‌వర్డ్ అడిగారు, చెప్పేశాను. తెరిచి చూశారు. మిగతాది ఎక్కడ దాచావన్నారు. ఉన్నది ఇంతే అన్నాను." ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. "నిజం చెప్పినందుకు విరిచారు."

అతను స్టీరింగు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఇంట్లోనూ బయటా అందరూ అతన్ని బుర్ర అంటారు. చిన్నప్పటినుంచీ లెక్కల్లో దిట్ట కాబట్టి. ఆ పిలుపంటే అతనికి లోలోపల గర్వం కూడా.

క్రిప్టో చైన్ అంటే అందరి ముందూ తెరిచి పెట్టిన చిట్టా. ఏ అడ్రసుకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నీ ఉంటాయి. పేర్లుండవు. నిల్వ ఎంతో కూడా ఎక్కడా రాసి ఉండదు. మొట్టమొదటి బ్లాకు, అంటే మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వచ్చి, వచ్చినది కలిపి, ఖర్చయినది తీసేస్తేనే తేలుతుంది. బుర్ర ప్రోగ్రామ్ చేసేది అదే. ప్రతి అడ్రసు నిల్వా పిండి బయటికి తీస్తుంది.

దానికి బుర్ర ఇంకో తెలివి నేర్పాడు. ఒకే లావాదేవీలో కలిసి ఖర్చయిన అడ్రసులన్నీ ఒకే మనిషివి. వాటన్నిటినీ కట్టగట్టు. కట్టలో ఏ ఒక్కదానికి ఇంటర్నెట్‌లో పేరు దొరికినా, మొత్తం కట్టకి ఆ పేరే అంటించు.

అక్కడే దెబ్బతిన్నాడు.

మేడమ్ అడ్రసు నాణేలు కొని అమ్మే ఒక ఎక్స్‌ఛేంజ్ ఇచ్చినది. ఆ ఎక్స్‌ఛేంజ్ వేలమంది కస్టమర్ల అడ్రసుల్లో పడ్డ చిల్లరనంతా ఒకే లావాదేవీలో ఊడ్చి తన ఖజానాలో పోసుకుంటుంది. కలిసి ఖర్చయ్యాయి కదా... ప్రోగ్రామ్ కట్టగట్టేసింది. ఆ కంపెనీ ఖజానా మొత్తానికి డ్రైవింగ్ నేర్పే మేడమ్ పేరు అంటుకుంది.

ఎక్స్‌ఛేంజ్‌లని ముందే ఏరి పక్కన పెట్టాలి. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. బుర్రకీ తెలుసు. తర్వాత చేద్దామనుకున్నాడు. అడిగినవాడు తొందరపెట్టాడు, ఇతను ఇచ్చేశాడు.

అడిగినవాడు బావ. అక్క మొగుడు.

ఎవరి దగ్గర ఎంత ఉందో ఆ జాబితా ఇన్సూరెన్స్ వాళ్ళకి కావాలన్నాడు. ఇన్సూరెన్స్ వాళ్ళకి మనుషుల ఇంటి అడ్రసులు కూడా దేనికి? అడగాలనిపించింది... నాలిక చివరిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని భయపడి నోరు మూసుకున్నాడు.

ఈ సాయంత్రం బావ ఫోన్ చేసి, డ్రైవింగ్ స్కూలావిడ కొంచెమే చూపిస్తోంది, మిగతాది ఎలా దాచి ఉంటుందిరా అన్నాడు. వెనకాల ఎవరో మూలుగుతున్నారు. అప్పుడు తీసి చూశాడు ఆ లావాదేవీని. చూసిన వెంటనే తిరిగి ఫోన్ చేశాడు. బావ ఎత్తలేదు. తను రాసిచ్చిన ఇంటికే పరిగెత్తుకొచ్చాడు.

"బ్రేకు!"

ఆవిడే తొక్కింది. బస్సు ముందునుంచి వెళ్ళిపోయింది.

"ఎక్కడున్నారు మీరు?" అంది ఆవిడ. "ఈ లోకంలోకి రండి. బ్రిడ్జి వచ్చింది. ఎక్కేటప్పుడు కాలు తియ్యకండి."

కారు ఏడుస్తూ బ్రిడ్జి ఎక్కుతోంది. ఎంజిన్ వాసన వస్తోంది. అద్దంలో జీపు పెద్దదవుతోంది.

బ్రిడ్జి నడిమి గూని దాటారు. ఇక దిగుడే. కింద, వానలో, స్టేషన్ నీలం లైటు మసగ్గా కనిపించింది.

ఫోన్ మోగింది.

స్టీరింగు పక్కన పెట్టిన అతని ఫోనే. వెలుతురులో పెద్ద అక్షరాలు... 'బావ'.

"వద్దు మేడమ్, ఎత్తొద్దు..."

"పోలీసులేమో," అని ఆవిడ ఎడం చేత్తో స్పీకరు నొక్కేసింది.

"ఏరా బుర్రా! ముందు తాగుబోతులా పోతున్న కారులో నువ్వేనా? నీకు డ్రైవింగెప్పుడు వచ్చిందిరా?" నవ్వు. "ఆపరా. ఆవిడ నీకేమవుతుందని? కట్టలో ఉన్నదంతా ఆవిడదేనని నువ్వేగా రాసిచ్చావు. నా ప్రోగ్రామ్ ఒక్క సున్నా తప్పు చెప్పదు బావా అన్నావుగా."

ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోయింది. ఆ గొంతు ఆవిడకి తెలుసు. చెయ్యి విరుస్తున్నంతసేపూ నెమ్మదిగా ప్రశ్నలు అడిగిన గొంతు.

కారు ఆగింది.

కీచుమని కూడా కాదు. మెత్తగా, పాఠంలో చెప్పినట్టు ఆగింది. బ్రేకు మీద ఆవిడ పాదం.

"నీ ప్రోగ్రామా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అతనికి అది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"నాదే. తప్పు నాదే మేడమ్. మీ దగ్గర ఏమీ లేదని సాయంత్రమే తెలిసింది. చూసుకోవాల్సింది ముందే. చూసుకోలేదు. వాళ్ళు దేనికి అడుగుతున్నారో కూడా... అడగలేదు."

"నా ఇంటి అడ్రసు కూడా నువ్వే ఇచ్చావా?"

తల ఊపాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ ముందు ఏడవడానికి కూడా సిగ్గేసింది.

"దిగు."

దిగాడు.

జీపు పది అడుగుల వెనక ఆగింది. స్టీరింగు దగ్గర గుండు ఉన్నాడు, బావ ఎక్కడికి వెళ్ళినా వెంట ఉండే లావుపాటి మనిషి. బావ ఒక్కడే దిగాడు. చేతిలో పిస్తోలు, జేబులో సగం వేలాడుతున్న చేతిరుమాలు. ఆ రుమాలుకి అంచు కుట్టింది అక్క.

"బావా, ఆ డబ్బు నాది," అన్నాడు బుర్ర. "నేనే దాచుకున్నాను. దొరక్కుండా ఆవిడ పేరు అంటించాను. ఆవిడని వదిలెయ్. నన్ను తీసుకెళ్ళు, అంతా ఇస్తాను."

చెప్పేసి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

బావ జాలిగా చూశాడు.

"అబద్ధమాడినప్పుడల్లా ఇంతేరా నువ్వు. నా సిగరెట్ల సంగతి మీ అక్కకి చెప్పలేదని ఒట్టేసినప్పుడూ ఇలాగే కళ్ళజోడు తోశావు."

"ఆవిడ దగ్గర ఏమీ లేదు బావా. ప్రోగ్రామ్ తప్పు."

"ఇదీ అబద్ధమే. నీ లెక్క ఎప్పుడు తప్పింది కనక?"

ఇన్నేళ్ళూ ఆ మాట తనే నమ్మించాడు.

అప్పుడు చూశాడు. స్కూలు కారు వెనక ఎర్ర లైట్లు ఆరిపోయాయి.

ఆవిడ బ్రేకు వదిలేసింది! కారు చప్పుడు లేకుండా దిగుడులోకి జారుతోంది...

బావ చెయ్యి లేచింది.

బుర్ర ఆ చేతి మీద పడ్డాడు.

ఢాం!

తొడలో నిప్పు పెట్టినట్టయింది. నేల పైకి వచ్చి మొహాన్ని కొట్టింది. కారు వానలో కలిసిపోయింది. పోనీ... ఆవిడైనా తప్పించుకుంది. ఇవాళ మొదటిసారి గుండె కాస్త తేలికపడింది.

బావ పిస్తోలు జేబులో కుక్కి, అతన్ని చంకల కింద పట్టి ఈడ్చి బ్రిడ్జి పిట్టగోడకి ఆనించాడు. చేతిరుమాలు తీసి తొడకి బిగించి కడుతున్నాడు.

"నిన్ను కాలుద్దామనుకోలేదురా. ఎందుకు అడ్డమొచ్చావు? మీ అక్కకి నేనేం చెప్పుకోను?"

"ఆవిడని వదిలెయ్ బావా."

"ఎక్కడికి పోతుంది, ఇల్లు తెలుసుగా." ముడి బిగించాడు. "ఇంకో చెయ్యి ఉంది. చెబుతుంది."

ఆ మాట కోపంగా అనలేదు. రేపటి పని గుర్తుచేసుకున్నట్టు అన్నాడు.

బుర్ర బావ భుజం మీంచి చూశాడు.

కింద దిగుడులో ఎర్ర లైట్లు వెలిగాయి. ఆగింది. ఎందుకు ఆగింది? పొండి మేడమ్, స్టేషన్ అదిగో...

కారు లోపల ఒక నీడ ఈ సీట్లోంచి ఆ సీట్లోకి జరిగింది.

ఎర్ర లైట్ల పక్కన తెల్ల లైటు వెలిగింది.

రివర్స్!

కారు వెనక్కి ఎక్కి వస్తోంది. నేర్చుకునేవాళ్ళు తోలినట్టు కాదు. గీత గీసినట్టు, తిన్నగా, వేగం పెంచుకుంటూ.

జీపులోంచి గుండు హారన్ కొట్టాడు. ఆపకుండా కొడుతున్నాడు.

"ఆగరా, వస్తున్నా," అని బావ వెనక్కి తిరక్కుండానే కసిరాడు. "వీడికి రక్తం ఆగట్లేదు."

తెల్ల లైటు పెద్దదవుతోంది. ఒక్క మాట చాలు. బావా అంటే చాలు, పక్కకి దూకుతాడు. దూకి, రేపు ఆ ఇంటికి వెళ్తాడు. బుర్రకి అక్క మొహం కనిపించింది. ఆ రెండో చెయ్యి కూడా కనిపించింది. కారు తననీ కలిపి గుద్దెయ్యొచ్చు. గుద్దనీ.

బావ తలెత్తి అతని కళ్ళజోడులోకి చూశాడు. అద్దాల్లో తెల్లగా ఏదో మెరుస్తోంది.

"ఏమిట్రా అది?" అన్నాడు.

చెప్పాలనిపించింది... నాలిక చివరిదాకా వచ్చింది.

బుర్ర ఈసారి కూడా నోరు మూసుకున్నాడు.