నువ్వు మాత్రం

వాళ్ళిద్దరి పరిచయం గొడవతోనే మొదలైంది, అదీ ఒక్క ఒత్తు దగ్గర.

ఆమె ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. పెళ్ళి కార్డు దగ్గర్నించి బడిపిల్లల వాచకం దాకా ఆమె ఎర్రపెన్ను దాటకుండా ఏదీ అచ్చుకి వెళ్ళదు. అలాంటి మనిషి కేకు ఆర్డరిచ్చి, తీసుకోవడానికి వచ్చి, డబ్బా మూత తెరిచి చూస్తే దాని మీద 'అక్కకు దన్యవాదాలు' అని ఉంది.

"ఒత్తు లేదు," అంది.

కేకు చేసినవాడు మోచేతుల దాకా పిండితో ఉన్నాడు. "ఒత్తకూడదండీ. ఒత్తితే క్రీము నలిగిపోతుంది," అన్నాడు.

"క్రీముకి కాదు. ద కి."

అతను కేకు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, క్రీము పొట్లం ఆమె చేతికే ఇచ్చేశాడు. ఆమె పెట్టిన ఒత్తు కాస్త లావుగా పడింది. దానికిప్పుడు తోక మొలిచిందని అతను మెచ్చుకోలుగా అన్నాడు. ఆమె మండిపడుతూ వెళ్ళిపోయింది. మళ్ళీ గురువారం, అవసరం లేకపోయినా, బ్రెడ్డు కోసం వచ్చింది.

ఉప్పు తగ్గించిన బ్రెడ్డు కావాలంది. ఆ వారం లేదు. పై వారానికి ఆమె అడగకుండానే ఒకటి చేసిపెట్టాడు. అలా నాలుగు గురువారాలు గడిచాక, బ్రెడ్డు ఇంట్లో పెద్దవాళ్ళకా అని అడిగాడు. దాచడం ఆమెకు చేతకాదు. కౌంటరు ముందు ఎవరూ లేకుండా చూసి చెప్పేసింది.

"నాకే. నాకు కిడ్నీలు మూడున్నాయి. పనిచేసేది ఒకటే, అదీ అక్క ఇచ్చింది. మిగతా రెండూ ఊరికే కూర్చున్నాయి. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఎనిమిదికి మాత్రలు వేసుకోకపోతే ఆ ఒక్కటీ అలుగుతుంది. బతికున్నన్నాళ్ళూ ఇంతే."

అతను తల గోక్కున్నాడు. జుట్టుకి పిండి అంటుకుంది. "మా ఓవెన్ కూడా సెకండ్ హ్యాండేనండీ. టైముకి వెలిగిస్తే చాలు, ఇంకేమీ అడగదు," అన్నాడు.

ఆమెకు నవ్వాగలేదు. ఇంటికి వెళ్ళేదారిలో ఎందుకో ఏడుపూ ఆగలేదు. ఆరోగ్యం సంగతి విన్నవాళ్ళంతా అయ్యో అన్నారు కానీ, ఓవెన్‌తో పోల్చినవాడు ఇతనొక్కడే.

పెళ్ళిమాటలకి అక్కే పెద్దరికం వహించింది. కాబోయే మరిదిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నా వస్తువు మీ ఇంట్లో ఉండబోతోంది. బాగుందో లేదో ఎప్పుడైనా వచ్చి చూసుకుంటాను," అంది. "రండి వదినా, రోజూ రండి," అన్నాడతను. పెళ్ళితో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అతను ఆమెకు 'కరెక్షన్' అని పేరు పెట్టాడు. ఆమె అతన్ని 'బన్ను' అంది.

ఆర్నెల్లకి బన్నుకి వేరే దేశంలో పెద్ద బేకరీలో ఉద్యోగం వచ్చింది. ముందు తను వెళ్ళి, తర్వాత భార్యని పిలిపించుకోవాలి. ఆమె వీసా ఫారంలో పన్నెండో ప్రశ్న: దీర్ఘకాలిక జబ్బులేమైనా ఉన్నాయా? ఫారం నింపడానికి సాయం చేస్తున్న ఏజెంటు, మెల్లగా గొంతు తగ్గించి, ఆ గడి ఖాళీగా వదిలేయమన్నాడు. జబ్బు మనుషుల మందుల ఖర్చు మోయడం ఇష్టం లేక కొన్ని దేశాలు వీసా ఇవ్వవట. తప్పని తెలిసి వదిలేసేటట్టయితే తనకి ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఎందుకని ఆమె గడి నిండా రాసింది. అది చాలక కింద ఇంకో కాగితం కుట్టింది.

ఇక మొదలైంది ఎదురుచూపు. బన్ను గడియారం ఆమె గడియారం కన్నా మూడున్నర గంటలు వెనక. ఆమెకు పొద్దున ఎనిమిదంటే అతనికి నాలుగున్నర, డ్యూటీకి బయల్దేరే వేళ. ఆమెకు సాయంత్రం ఎనిమిదంటే అతను డ్యూటీ దిగి లాకరులోంచి బట్టలు తీసే వేళ. రెండు పూటలా ఫోను మోగేది, రెండు పూటలా అదే మాట. "మాత్ర వేసుకున్నావా?" మధ్యలో అతను పంపే మెసేజిల్లో ఒత్తులుండవు, దీర్ఘాలుండవు. ఆమె వాటిని ఎర్రగీతలతో దిద్ది తిప్పి పంపేది. ఏ మొగుడికీ ఇన్ని మార్కులు తగ్గి ఉండవు.

కానీ రెండో నెల దాటాక ఆమెకు లోపల్లోపల గుబులు మొదలైంది. వీసావాళ్ళు ఆస్పత్రి కాగితాలు మళ్ళీ అడిగారు. బన్ను సెలవు రోజుల్లో ఎక్కడికో వెళుతున్నాడు, ఎక్కడికంటే చెప్పడం లేదు, నవ్వి మాట మారుస్తున్నాడు. కొత్త దేశం, కొత్త ఉద్యోగం, ఆపైన మాత్రల పెట్టెతో వచ్చే పెళ్ళాం. అతనికి మాత్రం బరువనిపించదా? ఈ మాట పైకి అన్లేదు. అంటే అతను నిజం చెబుతాడేమోనని భయం.

వీసా ఒక మధ్యాహ్నం వచ్చేసింది. ప్రెస్సులో కుర్చీలోంచి లేచి నిలబడి, ఎవరికి చెప్పాలో తోచక మొదట పక్క టేబుల్ కంపోజిటర్‌కి చెప్పి, తర్వాత బన్నుకి మెసేజి పెట్టింది. ఐదు నిమిషాలకి జవాబు వచ్చింది.

'నువ్వు మాత్రం రావద్దు.'

అంతే. ఫోను చేసింది, స్విచాఫ్. మళ్ళీ చేసింది, అదే. ఆమె మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వచ్చి, నెల రోజుల ముందునించే సర్దిపెట్టుకున్న సూట్‌కేసు తెరిచి, ఒక్కొక్క చీరా తీసి బీరువాలో పెట్టింది. అతని మీద కోపం రాలేదు. ఎప్పుడో రావలసిన మాటే కదా, ఇవాళ వచ్చిందనుకుంది.

సాయంత్రం అక్క స్వీట్ డబ్బాతో వచ్చేసరికి సూట్‌కేసు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. అక్క మెసేజి చదివింది, రెండోసారి చదివింది, చెల్లెలి మొహంలోకి చూసింది.

"గుడ్ మార్నింగ్ అని పంపితే దానికి కూడా గీతలు కొడతావు కదే. మరి దీన్ని ప్రూఫ్ చూశావా?"

"ఇందులో తప్పేముంది? ఒత్తులన్నీ సరిగానే ఉన్నాయి."

"అదేనే అనుమానం. వాడు ఒత్తులు సరిగ్గా ఎప్పుడు రాశాడు?"

ఆమె ఫోను లాక్కుని మళ్ళీ చూసింది. లోకంలో అందరి తప్పులూ పట్టే మనిషి, తన భయానికి సరిపోయిన మాట కనిపించగానే అక్షరం అక్షరం నమ్మేసింది.

సరిగ్గా ఎనిమిదికి ఫోను మోగింది.

"మాత్ర వేసుకున్నావా?"

"రావద్దన్నవాడివి, వేసుకుంటే నీకెందుకు?"

అటువైపు లాకరు తలుపు ధడేలున పడింది. "రావద్దని నేనెప్పుడన్నాను?"

ఆమె మెసేజి చదివి వినిపించింది. అతను మొదట కంగారుపడ్డాడు, తర్వాత విషయం బయటపడింది. చేతులు పిండిలో ఉన్నాయి, అందుకని టైపు చేయకుండా ఫోనుకి నోటితో చెప్పాడు. పక్కన పిండి కలిపే మిషను రొద. ఫోను చార్జింగ్ కూడా అడుగంటింది, పంపగానే ఆరిపోయింది.

"నేనన్నది, నువ్వు మాత్రల్లేకుండా మాత్రం రావద్దు అని. మాత్ర, మాత్రం రెండుసార్లు వినిపించేసరికి ఒకటి ఎక్కువైందనుకుని ఫోనే తీసేసినట్టుంది. నీకన్నా పెద్ద ప్రూఫ్ రీడరు దొరికింది నాకు."

"మాత్రల్లేకుండా ఎందుకొస్తాను?"

ఇక్కడి ఆస్పత్రిలో పేరు రాయించుకున్నా డాక్టరుగారు చూడ్డానికి నెలన్నర పడుతుందని, అందుకే మూడు నెలలకి సరిపడా తెచ్చుకోవాలని చెప్పాడు. సెలవు రోజుల్లో వెళ్ళింది అక్కడికే. ఆస్పత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు వెతికాడు, దొరికేదాకా చెప్పకూడదనుకున్నాడు. నిన్ననే తాళాలు చేతికొచ్చాయి.

స్పీకరులోంచి అంతా విన్న అక్క, "మరిదిగారూ, ఇకమీదట చేతులు కడుక్కుని మెసేజి పెట్టండి," అని, తీసిన చీరలన్నీ తనే మళ్ళీ సూట్‌కేసులో కుక్కడం మొదలుపెట్టింది.

పది రోజుల తర్వాత ఆమె ఆ కొత్త ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. రెండే గదులు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆస్పత్రి గేటు కనిపిస్తోంది. బల్ల మీద ఉప్పు తగ్గించిన బ్రెడ్డు, ఇంకా వేడిగా. ఆమె చూపు గోడ గడియారం మీద పడింది. అలవాటు ఎక్కడికి పోతుంది, వచ్చిన ఐదో నిమిషంలోనే తప్పు దొరికింది.

"గడియారం తప్పు. మూడున్నర గంటలు ముందుంది."

"తప్పు కాదు, అది నీ టైము. మాత్రల వేళ ఒక్కసారిగా మార్చకూడదట, ఆస్పత్రిలో అడిగాను. రోజుకి అరగంట చొప్పున వెనక్కి తిప్పమన్నారు."

"అలా ఎన్నాళ్ళు?"

"ఏడు రోజులు. ఏడో రోజుకి ఇద్దరికీ ఒకటే ఎనిమిది."

పొగడ్తలు ఆమె చాలా విన్నది, వాటిలో సగం దిద్దింది కూడా. ఇంతకన్నా బాగా ప్రేమిస్తున్నానని చెప్పడం ఎవరికైనా వస్తుందని మాత్రం ఆమెకు అనిపించలేదు. వెళ్ళి అతని భుజానికి తల ఆనించింది. చొక్కా మీది పిండి ఆమె బుగ్గకి అంటింది.

రోజూ అతను స్టూలెక్కి ముల్లు వెనక్కి తిప్పాడు, ఆమె కిందనుంచి సరిగ్గా అరగంటో కాదో చూసి చెప్పింది. ఏడో రోజు అతనికి సెలవు. పొద్దున చినుకులు పడుతున్నాయి. గోడ గడియారం, అతని ఫోను, ఆమె ఫోను, మూడూ ఒకేసారి ఎనిమిదయ్యాయి. ఎవరూ ఎవరికీ ఫోను చేయలేదు. అతను గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఎదురుగా కూర్చుని, ఆమె మాత్ర మింగేదాకా చూశాడు.

"నువ్వు మాత్రం ఇంకెక్కడికీ వెళ్ళొద్దు," అన్నాడు.

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"మళ్ళీ చెప్పు. ప్రూఫ్ చూడాలి."