కనబడ్డాక కూడా దాక్కోవచ్చు

“మూడింటికి సాగర్‌ను చంపేస్తరు. మనం చేసేదేం లేదు,” అన్నాడు చీఫ్ లక్ష్మీరాజం, పుట్నాలు నములుతూ.

ఏజెంట్ నవీనకు ఒళ్లు మండింది. సాగర్ ఆమె పార్ట్‌నర్. సిరిసిల్ల అవతల ఒక మరమగ్గాల షెడ్డులో రాడార్‌కు చిక్కని బట్టను ఓ విదేశీ ముఠా దొంగచాటుగా నేయిస్తోందని కనిపెట్టింది అతనే. నిన్న లోపలికి వెళ్లి దొరికిపోయాడు. ఇవాళ మూడింటికి అతన్ని చంపాలని ముఠా అనుకోవడం ఫోన్ ట్యాపింగ్‌లో వినబడింది. షెడ్డు వెనక వీధిలో మల్లేష్ టీమ్ వ్యాన్‌లో కూర్చుని పర్మిషన్ కోసం ఎదురుచూస్తోంది.

పర్మిషన్ రావాలంటే ముందు టేబుల్ మీద గెలవాలి. కరీంనగర్‌లో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు వెనక నడిచే ఆ ఆఫీసులో రూల్ అది. ఏ ఆపరేషన్‌నైనా మొదట ఆటగా ఆడి చూస్తారు. సుద్దముక్కతో బల్ల మీద షెడ్డు గీస్తారు. లోపలికి దూరే మనిషి పాత్రను ఆపరేషన్ నడిపే ఏజెంట్ ఆడాలి. శత్రువుల పాత్ర ఇంకొకరిది. తేలని చోట ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. చీఫ్ అంపైర్. ఏజెంట్ టేబుల్ మీద చస్తే టీమ్‌ను లోపలికి పంపరు, అంతే.

ఈరోజు బల్ల మీద నవీన అంటే ఆమె కోటునుంచి ఊడిన గుండీ. గార్డులు నాలుగు చింతగింజలు. వాటిని నడిపేది ప్రవళిక, శత్రు వ్యవహారాల ఎక్స్‌పర్ట్. సిరిసిల్ల నేతవాళ్ల బిడ్డ, చాలా ఏళ్లు దుబాయిలో పనిచేసి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. ఆమె మెట్లెక్కుతుంటే కింద టైపు నేర్చుకునేవాళ్ల వేళ్లు తప్పుతాయి.

ఆట మొదలైంది. గుండీ వెనక కిటికీలోంచి దూరింది. చింతగింజలు చూసేశాయి. కాల్పులు!

“నేను దాక్కుంట,” అంది నవీన.

చీఫ్ నవ్వాడు. “నలుగురు కండ్లార చూసినంక దాక్కునుడేంది? గాలిల కలుస్తవా? చెల్లది. నువ్వు చచ్చినట్టే.”

“ఎందుకు చెల్లది సార్? నడుమ నూలు బేళ్లు గోడ లెక్క ఉన్నయ్. వాటెనకకు పోయి పక్కకు పాకితే నేనెక్కడున్ననో వాళ్లకేం తెలుస్తది? ఆఖరుసారి యాడ చూసిన్రో ఆడనే కాలుస్తరు. నేను ఆడ ఉంటనా? సప్పుడుకు ఫికరే లేదు, షెడ్డు నిండ సాంచాలు నడుస్తున్నయ్.”

సాంచా అంటే అక్కడివాళ్ల మాటలో మరమగ్గం.

“రూల్ ప్రకారం...”

“రూల్ మీద మన్నువడ! లోపలున్నది సాగర్. పాచిక ఎయ్యండ్రి సార్.”

ఆ అరుపుకు చీఫ్ దిగొచ్చాడు. కానీ గుండీని బల్ల మీదినుంచి తీసేయమన్నాడు. ఎక్కడ దాక్కుందో తన చెవిలో మాత్రమే చెప్పాలి. బల్ల ముందు కూర్చున్న మనిషికి కనబడేదంతా షెడ్డులో గార్డుకు కనబడదు. గార్డుకు తెలిసినంత వరకే ప్రవళిక ఆడాలి.

పాచిక దొర్లింది. నవీనకు పదిహేడు, గార్డులకు తొమ్మిది. చింతగింజలు నూలు బేళ్ల వెనక ఖాళీ నేలను కాల్చిపారేశాయి.

“ఇగ తూర్పు మూల సాంచ బంద్ చేస్త,” అంది నవీన. “నడిచే సాంచ టక్కున ఆగితే, సాంచాల నడుమ తిరిగే మనిషి అటు సూడకుంట ఉండలేడు. వాళ్లు అటు ఉరుకుతరు, నేను సాగర్ కట్లు ఇప్పుత.”

ప్రవళిక పకపకా నవ్వింది. “ఆ మూలదా? అది నడిస్తె గద చెల్లె, ఆగెతందుకు! దాని మోటర్ కాలిపోయి పడున్నది.”

చీఫ్ నోట్లో పుట్నాలు నోట్లోనే ఉండిపోయాయి. సాంచ గురించి తప్పు మాట చెవినపడితే దిద్దకుండా ఊరుకోవడం నేతింటి బిడ్డ తరం కాదు.

“మనకున్నది సాగర్ దొరకకముందు పంపిన పటం. అండ్ల ఏ సాంచ యాడున్నదో ఉన్నది గని, ఏది నడుస్తదో లేదు,” అంది నవీన మెల్లగా. “మోటర్ కాలిన ముచ్చట నీకెట్ల తెలిసె, అక్కా?”

ప్రవళిక హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి మూత విప్పింది. లోపల రంగు లేదు. సన్నటి తుపాకీ గొట్టం ఉంది. “ఒక్కటే గుండు. ఎవరికి కావాలె? ఇద్దరు కదలకుండ్రి. మూడు కొట్టంగనే ఆడ సాగర్ ఖతం. అయినంక నా తొవ్వన నేను పోత.”

నవీన టేబుల్‌ను ఎగదన్నింది. సుద్ద దుమ్ము లేచింది. ఆమె బీరువా వెనకకు దూకడం ప్రవళిక చూసింది. బీరువా అంచున నవీన కోటు భుజం కనబడుతోంది. గురిచూసి కాల్చింది.

కోటుకు చిల్లు పడింది. కోటులో మనిషి లేదు. గది చుట్టూ పడేసిన పాత టైపు మిషన్ల బల్లల కింద పాక్కుంటూ వచ్చిన నవీన వెనకనుంచి ఆమె చెయ్యి మెలిపెట్టి బేడీలు వేసింది.

“ఇప్పుడే ఆడి చూపిస్తి గద అక్కా! అయినా ఆఖరుసారి చూసిన కాడనే కాలుస్తివి.”

గోడ గడియారంలో మూడు కావస్తోంది. వైర్‌లెస్ వైపు పోబోయిన నవీనకు చీఫ్ అడ్డొచ్చాడు. “ఆట పూర్తి కాలే నవీనా. గెలవకుంట పర్మిషన్ ఎట్లిస్త? టీమ్‌కేమన్న అయితే జవాబెవరిది?”

“నాది!” వైర్‌లెస్ గుంజుకుంది. “మల్లేష్! ఎనక కిటికీలకెల్లి దూరుండ్రి. పడమటి మూల సాంచ బంద్ చెయ్యి. అందరు అటు తిరుగుతరు. పోండ్రి!”

వైర్‌లెస్ నిండా సాంచాల మోత. అందులోంచి ఒక చప్పుడు తగ్గింది. ఉరుకులు. రెండు కాల్పులు. తర్వాత ఎవరూ పలకలేదు. నవీన వైర్‌లెస్‌ను చెవికి అదుముకుంది. తను తప్పు చేసిందా? లేదు. మళ్లీ అడిగితే మళ్లీ ఇదే చెబుతుంది.

గడియారం మూడు కొట్టింది.

“నవీనా... నేనే, సాగర్‌ను.” గొంతు బొంగురుపోయింది. “గార్డొకడు తుపాకి నా నెత్తికి పెట్టి గడియారం చూస్తుండె. సాంచ ఆగంగనే వాడు గూడ అటు తల తిప్పిండు.”

నవీన నేలమీద కూలబడి, ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు చీఫ్ ఆమెకు షోకాజ్ నోటీసు ఇచ్చాడు: టేబుల్ మీద గెలవకుండా ఆపరేషన్ నడిపినందుకు. నవీన దాన్ని మడతలు పెట్టి, నిన్నటి తన్నుకు కాలు విరిగిన టేబుల్ కింద సర్దింది.

“ఇగ ఊగది సార్,” అంది.