రెండు చాయ్ గ్లాసుల రూలు

ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూసే ప్రేమ్‌రాజ్‌కి కంప్యూటర్ ముందు ఎదురులేదు. ఆ సంగతి ఊళ్లో అందరికంటే ముందు అతనే చెప్పేవాడు. మిర్చి ఘాటుకు పక్కవాడు తుమ్మి కళ్లు తెరిచేలోగా ఎంట్రీ కొట్టేసేవాడు. చిక్కల్లా ఒక్కటే. అతని దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఒక్కరూ నిలవలేదు.

చివరికి దుకాణం యజమాని రామలింగయ్య సేటుకు విసుగొచ్చింది.

"నువ్వు జ్వరమొచ్చి పంటే నా దుకాణం గూడ పంటది. మలక్‌పేటల ఇంకో దుకాణం తెరుస్తున్న. దసరా లోపల ఒక్కరికి పని నేర్పు, రెండిటికీ నువ్వే పెద్ద. లేకుంటే బయటికెల్లి మేనేజర్‌ను తెచ్చుకుంట."

"నేర్పుతనే ఉన్న సేటూ. వాళ్లే ఉరుకుతున్రు."

"ఎందుకు ఉరుకుతున్రో నేర్చుకో పో. మాదన్నపేట చర్చి హాల్ల ఆదివారం పొద్దుమీకి అకౌంటెంట్లంత కూసుంటరంట."

నేర్చుకోవడానికి కాదు, తన పనితనం చూపించి రావడానికి వెళ్లాడు ప్రేమ్‌రాజ్.

రైల్వే అకౌంట్స్‌లో రిటైరైన సామ్యూల్ తాళం తెచ్చి తెరిచే హాలు అది. బట్టల దుకాణాలవాళ్లు, మందుల షాపులవాళ్లు, స్కూలు ఫీజుల లెక్క రాసేవాళ్లు ఎవరి లాప్‌టాప్ వాళ్లు పట్టుకొచ్చారు. సిలబస్ లాంటి మర్యాదలేమీ లేవు. ఆ వారం ఎవరి పని ఎక్కడ ఇరుక్కుంటే అదే పాఠం.

మొదటి బల్ల దగ్గర చంద్రమ్మ ఒంటి వేలితో కీబోర్డు పొడుస్తోంది. యూనిఫారాలు కుట్టే ఆడవాళ్ల సంఘానికి ఆమే లెక్కలు రాస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌కీ ఆమె లెక్కకీ ఎక్కడో పొసగడం లేదు. ప్రేమ్‌రాజ్ ఓపిగ్గా చూశాడు. అంటే, ఊపిరి పీల్చి వదిలేంతసేపు.

"జర జరుగమ్మా," అని మౌస్ లాక్కున్నాడు. టకటకా రెండు తప్పులు దిద్దేసి, మెచ్చుకోలు కోసం చుట్టూ చూశాడు. హాలంతా అతన్ని పొయ్యి మీద పాలు పొంగబెట్టినవాణ్ణి చూసినట్టు చూస్తోంది.

"అన్నా, చేతులు చాపు," అంది వెనకనుంచి ఒక గొంతు.

చాపాడు. ఒక్కో చేతిలో ఒక్కో గ్లాసు పెట్టింది ఒకమ్మాయి. అంచుదాకా చాయ్, అప్పుడే దించింది. జడలో పెన్ను గుచ్చుకుని ఉంది.

"గిట్లనే పట్టుకొని కూసో. తాగొద్దు, కింద పెట్టొద్దు."

"ఎందుకు మేడమ్?"

"గీడ రూల్. నేర్పెటోళ్ల చేతులు ఖాళీగ ఉండొద్దు. నోటితోనే నేర్పాలె." ఆమె వంగి, అతను దిద్దినదంతా తీసేసింది. "చంద్రమ్మా, మల్ల మొదటికెల్లి."

"నిమిషంల చేసిన పని మేడమ్ అది."

"చేసినవ్. ఆమె ఏం నేర్చుకుంది?"

"జరుగుడు నేర్చుకున్న బిడ్డా," అంది చంద్రమ్మ.

హాలు పగలబడి నవ్వింది. ఆ అమ్మాయి కూడా నవ్వింది. అంతే, ప్రేమ్‌రాజ్ పని అయిపోయింది. ఆమె పేరు తనూజ అనీ, ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తుందనీ, యాకుత్‌పురాలో వాళ్ల నాన్న బుచ్చయ్యకి డెయిరీ ఉందనీ సామ్యూల్‌ని గోకి తెలుసుకున్నాడు. ఆమె తనని అన్నా అనడం మాత్రం మింగుడుపడలేదు.

ఆదివారం వస్తే చాలు, హాలు తెరవకముందే మెట్ల మీద ఉండేవాడు. చంద్రమ్మ పక్కన కూర్చుని, రెండు చేతుల్లో రెండు గ్లాసులతో, ముక్కుతో స్క్రీన్ చూపించేవాడు.

"ముక్కుతోని చూపించుడు గూడ బంద్," అనేది తనూజ.

"గడ్డంతోని?"

"గడ్డం గూడ."

"మరి దేవుడు గివన్నీ ఎందుకిచ్చిండు మేడమ్?"

"నోరు గూడ ఇచ్చిండు. దాన్ని సక్కగ వాడు."

వాడబోతే తెలిసింది అసలు కష్టం. "గిది డెబిట్ ఎందుకైతది అన్నా?" అని చంద్రమ్మ అడిగితే ప్రేమ్‌రాజ్ తన వేళ్ల వైపు చూసుకున్నాడు. ఏళ్ల తరబడి వేళ్లు కొట్టుకుంటూ పోయాయి, ఎందుకో వేళ్లని ఎవరూ అడగలేదు. సిగ్గుపడుతూ వెళ్లి తనూజని అడిగాడు. ఆమె వెక్కిరించలేదు. రెండు గ్లాసులు తను పట్టుకుని కూర్చుని, నోటితోనే విడమరిచి చెప్పింది. పని కొత్తగా అర్థమైంది అతనికి. ఆమె చెబుతుంటే ఇంకా కొన్ని కొత్తగా అర్థమయ్యాయి గానీ అవి అకౌంట్స్‌కి సంబంధించినవి కావు.

ఒక ఆదివారం ఇద్దరూ ఆమె ఇంటివైపు నడుస్తుంటే వాన దంచింది. యాకుత్‌పురా స్టేషన్ రేకుల కింద నిలబడ్డారు.

"గీ గ్లాసుల ఐడియా ఎక్కడిది మేడమ్?"

"నా మొదటి ఆఫీసుల ఒక సీనియర్ ఉండె. రెండేండ్లు ఆయన పక్కన కూసున్న. 'జరుగు' తప్ప ఇంకో పాఠం చెప్పలే." కొంగు పిండుకుంది. "ఇంట్ల గూడ గంతే. నా కాలేజీ, నా కోర్సు, నా ఫోన్ కవర్ రంగు గూడ బాపునే చెప్తడు. మస్తు మంచోడు. నేను నోరు తెరిచేలోపల నా జవాబు ఆయనే చెప్పేస్తడు."

"హాల్ల నీ నోరు గింతుంది గద."

"ఆ నోరు మా గడప దాటినంకనే లేస్తది. నా మాట నన్ను చెప్పనిచ్చేటోడు దొరికితే వాన్నే చేసుకుంట."

ప్రేమ్‌రాజ్ నోరు తెరిచాడు. ఎన్ని వాక్యాలో నాలుక మీద వరసకట్టాయి. మూసుకున్నాడు. అతని జన్మలో అది మొదటిసారి.

"ఏదో అనబోయినవ్?"

"ఏం లే. నువ్వే చెప్పు."

ఆమె అతని వంక కాస్త ఎక్కువసేపు చూసింది. వాన ఆగింది. ఆగిన సంగతి ఇద్దరికీ తెలుసు, అయినా ఎవరూ కదల్లేదు.

దసరాకి ముందు ఒక ఆదివారం చంద్రమ్మ నెల లెక్కంతా తనే ముగించింది. హాలు మూసే వేళ దాకా పట్టింది. ప్రేమ్‌రాజ్ వేళ్లు జిలపెట్టాయి, చాయ్ మీద మీగడ కట్టింది, అడిగిన దానికి తప్ప నోరు విప్పలేదు. బ్యాంకు లెక్కా ఆమె లెక్కా కలవగానే ఆమె అతని వీపు మీద ఒక్కటి చరిచింది. చాయ్ ఇద్దరి మీదా పడింది. సొంతంగా సాధించినప్పుడెప్పుడూ అతనికి అంత సంతోషం కలగలేదు.

చంద్రమ్మ మిర్చి దుకాణంలో చేరింది. ఆ తర్వాత ప్రేమ్‌రాజ్‌కి నిజంగానే జ్వరం వచ్చి పడుకుంటే దుకాణం హాయిగా నడిచింది. సేటు మాట నిలబెట్టుకున్నాడు. తను లేకపోయినా నడిచినందుకు ప్రేమ్‌రాజ్‌కి కొంచెం ఏడుపు కూడా వచ్చింది, అది వేరే సంగతి.

వాన లేకపోయినా ఇద్దరూ స్టేషన్ రేకుల కింద నిలబడుతున్న రోజులవి. "ప్రేమ్‌రాజ్," అంది తనూజ ఒక సాయంత్రం, అన్నా మాయమైంది. "రేపు మా ఇంటికి రా. బాపుతోని మన సంగతి చెప్పాలె."

"నేను చెప్త. బస్సుల అంత తయారు చేసుకొని..."

"నువ్వు చెప్తే కథ ఖతం. నాకింకో బాపు వద్దు. నేనే చెప్త."

మర్నాడు బుచ్చయ్య ఇంట్లో, బర్రెల కొట్టం పక్క వరండాలో కూర్చున్నారు. తనూజ తల్లి లలితమ్మ పళ్లెంలో చాయ్ తెచ్చి పెట్టింది.

"బాపు, ఒక మాట..." అంది తనూజ.

"కొత్త కంప్యూటర్ కావాల్నా? కొందాం."

"కాదు..."

"స్కూటీ ఖరాబైందా? మెకానిక్ నందుగానికి చెప్త, చేస్తడు."

హాలంతటినీ ఆడించే పిల్ల కొంగు చివర నలుపుకుంటూ ప్రేమ్‌రాజ్ వైపు చూసింది. అతని దగ్గర మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. నిమిషం పని. అతను పళ్లెంలోంచి ఒక గ్లాసు తీసుకున్నాడు. రెండో చేత్తో ఆమె గ్లాసు తీసుకున్నాడు. పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వన్న చెప్పు పిల్లగా," అన్నాడు బుచ్చయ్య.

"ఆమె చెప్తది బాపు."

"దానికి చెప్పరాదు. చిన్నప్పటికెల్లి గంతే."

"వస్తది. జర టైం ఇయ్యుండ్రి."

కొట్టంలో బర్రె అరిచింది. చాయ్ సెగకు ప్రేమ్‌రాజ్ వేళ్లు ఎర్రబడ్డాయి. తనూజ ఆ వేళ్లని చూసింది, తల ఎత్తింది.

"బాపు, నా మాట అయ్యేదాక నువ్వు మాట్లాడకు."

బుచ్చయ్య భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఈయన ప్రేమ్‌రాజ్. ఈయనంటే నాకిష్టం. పెండ్లి చేసుకుంట."

గుమ్మంలో ఉన్న లలితమ్మ లోపలికి వెళ్లి చక్కెర డబ్బా వెతకసాగింది. బుచ్చయ్య కాబోయే అల్లుడి వైపు తిరిగాడు.

"గా గ్లాసులేంది? చేతులు కాల్తలేవా?"

"కాల్తున్నయ్ బాపు."

"మరి కింద పెట్టొచ్చు గద."

"ఖాళీగ ఉంటే నేను మధ్యల దూరుత. ఆమె చెప్పుడు అయినంక పెడ్త."

బుచ్చయ్య కూతురి వైపు చూశాడు. "ఇంకేమన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగి, ఆగాడు. ఆమెకు తెలిసి ఆయన అడిగి ఆగడం ఇదే మొదలు.

"ఉన్నది," అంది తనూజ. "మస్తున్నది."

బుచ్చయ్య రెండు చేతులూ ప్రేమ్‌రాజ్ ముందుకు చాపాడు.

"గవి ఇటియ్యి."

వేడి గ్లాసులు రెండూ అందుకుని, ఒళ్లు సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"చెప్పు బిడ్డా," అన్నాడు.