క్లిక్కులు ఎక్కువ, పెళ్లికూతుళ్లు తక్కువ

“నా ఫొటో ఎందుకు తీసేశారు?”

తడి గొడుగు మూయకుండానే అడిగింది వెనింగ్. గొడుగు నుంచి కారిన నీళ్లు దనాంగ్ కీబోర్డు పక్కన మడుగు కట్టాయి. పండ్లరసాల దుకాణం మీదున్న ఆ చిన్న ప్రకటనల ఆఫీసులో మిగతా ఇద్దరూ తలలు వంచుకుని, ఎక్కడలేని పనీ తమకే ఉన్నట్టు నటించారు.

“ముందు కూర్చోండి వెనింగ్ గారూ. అల్లం టీ తెప్పించనా?”

“వద్దు. నా మొహం బాగాలేదని ఎవరన్నా కంప్లయింట్ ఇచ్చారా?”

“అయ్యో, అదేం లేదు. బాగుంది. బాగుండటమే... ప్రాబ్లం.”

“అంటే?”

అంటే ఏమిటో దనాంగ్‌కి కూడా సరిగా తెలియదు. ఆ ఫొటోలో వెనింగ్ తన తల్లి కుట్టిన కెబాయా తొడుక్కుని, జడలో మల్లెలు పెట్టుకుని, ఎవరో వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసినట్టు ఉంటుంది. పెళ్లికి తొడుక్కునే అలాంటి పొడుగు లేసు రవికల్ని, అంటే కెబాయాల్ని, సోలో ఊళ్లో అద్దెకివ్వడం ఆమె వ్యాపారం. ఫోన్లలో ప్రకటన వేయించిన దగ్గర్నుంచి జనం తెగ నొక్కుతున్నారు. బుకింగులు మాత్రం లేవు.

“ఇలా చూడండి,” అంటూ స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. “ఇది మీ ప్రకటన ఎంతమందికి కనిపించిందన్నది. ఇది ఎంతమంది నొక్కారన్నది. ఇది బుక్ చేసినవాళ్లు.”

“అక్కడ సున్నా ఉంది.”

“సున్నాయే. కనిపిస్తే మీకు ఖర్చు లేదు. నొక్కిన ప్రతిసారీ ఖర్చు పడుతుంది. నొక్కేవాళ్లేమో బట్టలు చూడట్లేదు, మిమ్మల్ని చూసి వెళ్లిపోతున్నారని నా అనుమానం. పనిలేని కుర్రాళ్లు ఉంటారు కదా.”

ఇది పొగడ్తో నిందో తేల్చుకోలేక వెనింగ్ గొడుగు మూసింది.

“మీ అనుమానం కోసం మూడు రోజులుగా నా ప్రకటనలో ఉత్త హ్యాంగర్ వేలాడుతోందన్నమాట. మరి బుకింగులు వచ్చాయా?”

దనాంగ్ కొత్త లెక్కలు తెరిచాడు. హ్యాంగర్‌కి తగిలించిన కెబాయాని కూడా జనం అంతే ఉత్సాహంగా నొక్కారు. బుకింగులు మళ్లీ సున్నా.

“హ్యాంగర్ కూడా అందంగా ఉందేమో,” అంది వెనింగ్.

దనాంగ్ చెవులు ఎర్రబడ్డాయి. నొక్కినవాళ్ల వయసులు, ఊళ్లు చూపించే పేజీ తెరిచాడు. వరస వరసా కిందికి జరిపి చూశాడు. తర్వాత చిన్నగా నవ్వాడు.

“ఎందుకు నవ్వుతున్నారు?”

“కుర్రాళ్లు కాదు. అందరూ ఆడవాళ్లే. యాభై దాటినవాళ్లు.”

“యాభై దాటిన పెళ్లికూతుళ్లా?”

“అందరూ మీ లవేయాన్ పేట చుట్టుపక్కలవాళ్లే. పొద్దున్నే నొక్కుతున్నారు. మధ్యాహ్నానికల్లా మీ రోజు బడ్జెట్ అయిపోతోంది. నిజంగా పెళ్లి పెట్టుకున్న అమ్మాయిలు సాయంత్రం ఫోన్ పట్టుకునేసరికి మీ ప్రకటనే ఉండట్లేదు.”

“ఇందులో మీకింత సంతోషం దేనికో నాకు అర్థం కావట్లేదు.”

అతనికీ అర్థం కాలేదు. కుర్రాళ్లు కాదని తెలియగానే ఛాతీ మీంచి ఏదో దిగిపోయింది. ఆ మాట ఆమెతో ఎలా చెబుతాడు?

వెనింగ్ కుర్చీ అంచున కూర్చుంది. “మా అన్న హర్యో గడువు పెట్టాడండీ. సురో నెల వచ్చేలోగా కొట్టు నిలదొక్కుకోవాలట. సురోలో ఎటూ పెళ్లిళ్లుండవు. ఆ నెలలో ఖాళీ చేయించి ఫోన్ రిపేరువాడికి ఇస్తానంటున్నాడు. అమ్మ కుట్టు మిషన్ ఎక్కడ పెడతాడో కూడా ఆలోచించేశాడు. వంటింటి వెనక.”

వాళ్ల అన్నకి కొట్టు నడవటం లేదన్న సంగతే కనిపిస్తోంది. ఆ పెద్దావిడలంతా ఎందుకు నొక్కుతున్నారన్నది ఇక్కడున్న ఇద్దరికీ అంతుబట్టలేదు.

ఆ ఆదివారం వెనింగ్ ఇంట్లో అరిసాన్ ఉంది. వీధి ఆడవాళ్లంతా నెలకోసారి ఒకరింట్లో చేరి, తలా కొంత డబ్బు వేసి చీట్లు తీసే కూడిక అది. ఆ నొక్కుడు సంగతి అక్కడే తేల్చుకుందామని దనాంగ్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చేసరికి గుమ్మం నిండా చెప్పులు, గది నిండా కబుర్లు, కొబ్బరిపాల సెరాబీ అట్ల వాసన. చిన్నవాళ్లంతా అమ్మా అన్నట్టు ‘బు’ అని పిలిచే వీధి పెద్ద భార్య, బు పార్ని, కళ్లజోడు ముక్కు మీదకు జార్చుకుని ఫోన్ ఎత్తి చూపించింది.

“ఇదిగో, మన వెనింగ్ ప్రకటన వచ్చింది. నేను నొక్కేశా. మీరూ నొక్కండమ్మా. ఇవాళ ఇంకా నొక్కనిది ఎవరు?”

“నేను వంట చేస్తూ కూడా నొక్కాను,” అంది ఒకావిడ.

“నా కోడలి ఫోన్లోంచి కూడా నొక్కించా,” అంది ఇంకొకావిడ.

వెనింగ్ తల్లి కళ్లు తుడుచుకుంది. “నేనే గ్రూపులో అడిగాను బాబూ. మా అమ్మాయి ప్రకటన కనిపిస్తే నొక్కి సాయం చేయండని. ఎవరూ కాదనలేదు.”

దనాంగ్ వెనింగ్ వైపు చూశాడు. ఆమె అతని వైపు చూసింది. అంత ప్రేమని ఆపమని ఎలా అడగడం? సోలోలో పెద్దవాళ్ల మొహం మీద ‘వద్దు’ అనడం కంటే చెప్పుల్లేకుండా ఎండలో నిలబడటం తేలిక.

దనాంగ్ గొంతు సవరించుకున్నాడు. “పెద్దమ్మలందరికీ నమస్కారం. మీ ప్రేమ చూస్తే మాటలు రావడం లేదు. రోజూ మీరు ఇంత శ్రమ పడుతుంటే మాకే మొహమాటంగా ఉంది. మీ పనులు మీకుంటాయి కదా...”

“శ్రమేంటి బాబూ!” బు పార్ని మురిసిపోయింది. “ఎంత మర్యాదస్తుడో చూడండి. మొహమాటపడకు. ఇవాళ్టి నుంచి రెండేసి సార్లు నొక్కుతాం.”

మర్నాడు పొద్దు ఎక్కకముందే బడ్జెట్ అయిపోయింది.

“మీరు ఆపమని చెప్పారా, ఇంకా నొక్కమని చెప్పారా?” ఫోన్లో అడిగింది వెనింగ్.

“ఆపమనే చెప్పాననుకున్నా.”

“ఎక్కడ చెప్పారు? ఏ మాటలో?”

దనాంగ్ తన మాటలన్నీ గుర్తు చేసుకున్నాడు. అలాంటి మాట ఒక్కటీ లేదు.

“మరి మీరైనా చెప్పొచ్చు కదా?”

“బు పార్ని నన్ను ఎత్తుకుని పెంచిందండీ!”

అయినా ఆ సాయంత్రం వెళ్లింది. తోడు రమ్మంటే అతనూ వెళ్లాడు. అరుగు మీద బఠాణీలు ఒలుస్తున్న బు పార్ని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. వెంటనే చెప్పేసింది, ఊపిరి తీసుకుంటే ధైర్యం పోతుందేమోనన్నట్టు.

“బు, మీరు నొక్కిన ప్రతిసారీ నా డబ్బు పోతోంది. పెళ్లికూతుళ్లకి నా ప్రకటన కనిపించడం లేదు. ఇలాగైతే అన్న కొట్టు మూసేస్తాడు. ఇంక నొక్కకండి.”

బు పార్ని చేతిలో బఠాణీ అలాగే ఉండిపోయింది. ఆమె మొహం చూసి వెనింగ్‌కి ఏడుపొచ్చింది.

“మేము నీ డబ్బు తింటున్నామా?”

“కాదు బు... అలా అని కాదు...”

“కాదేంటే, అదే కదా! ముందే చెప్పొద్దూ పిచ్చిదానా! నా వేలు విరగ్గొట్టినా బాగుండేది.” అప్పటికప్పుడు ఫోన్ తీసి గ్రూపులో అందరికీ గొంతెత్తి వాయిస్ మెసేజ్ పంపింది. తర్వాత దనాంగ్ వైపు తిరిగింది. “ఇంత చిన్న మాట సూటిగా చెప్పలేకపోయావేం నాయనా? నోరు లేకా? ఇంకా ఎన్ని మాటలు లోపల దాచుకు తిరుగుతున్నావో!”

దనాంగ్ బఠాణీల వైపు చూశాడు. వెనింగ్ అతని చెవుల వైపు చూసింది. మళ్లీ ఎర్రబడ్డాయి. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. లేదా అర్థమైందేమోనని భయం వేసింది.

మర్నాటి నుంచి క్లిక్కులు పాతాళానికి పడిపోయాయి.

“ఎవరూ నొక్కట్లేదు! నేనేం చేశానండీ!”

“కంగారు పడకండి. ఇదే బాగుంది.”

“అప్పుడు ఎక్కువొస్తే బాగాలేదన్నారు. ఇప్పుడు తక్కువొస్తే బాగుందంటున్నారు. మీరు అసలు ఏ బడిలో చదివారు?”

కానీ ఆ వారమే క్లతెన్ నుంచి ఒకమ్మాయి కెబాయా కావాలంటూ వచ్చింది. తర్వాత బొయొలాలి నుంచి అక్కాచెల్లెళ్లు. సురో దాటాక పెట్టుకున్న పెళ్లిళ్లకి కూడా ముందే బుక్ చేసుకున్నారు. నొక్కినవాళ్లు కొద్దిమందే, అందరూ పెళ్లి పెట్టుకున్నవాళ్లే. తల్లి మిషన్ పగలంతా ఆడింది. హర్యో కొట్టులోకి వచ్చి, లేసు దుస్తుల మధ్య ఎక్కడ నిలబడాలో తెలియక కాసేపు నిలబడి, “ఫోన్ రిపేరువాడికి మార్కెట్ వెనక చోటు చూశాన్లే,” అని గొణిగి వెళ్లిపోయాడు.

సురో రేపు మొదలనగా దనాంగ్ రిపోర్టు చూపిస్తానని వచ్చాడు. చూపించడం అయిపోయింది. వెళ్లలేదు.

“వాన వచ్చేట్టుంది,” అన్నాడు.

“ఊఁ.”

“గొడుగు తెచ్చుకోలేదు. అంటే, తెచ్చుకోవాలనే అనుకున్నాను. మబ్బు చూస్తే...”

వెనింగ్ చేతిలోని కెబాయా మడత ఆపింది. “దనాంగ్ గారూ, మీరిప్పుడు ఏదో చెప్పబోతున్నారా, లేక నిజంగా వాన గురించేనా? నాకు తెలియట్లేదు. తప్పుగా అనుకుంటే నా పరువు పోతుంది.”

అతను నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. “నువ్వంటే నాకిష్టం.”

బయట నిజంగానే వాన మొదలైంది. లోపలి గదిలో మిషన్ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది.

వెనింగ్ నవ్వు దాచుకోవడానికి కెబాయా మళ్లీ మడత పెట్టింది, తలకిందులుగా. “నాకూ ఇష్టమే. అయితే సురోలో పెళ్లిమాటలు ఎత్తరు. నెల దాటాక రండి, మా అమ్మతోనూ ఇలాగే చెప్పండి. వాన సంగతి ఎత్తకుండా.”

“నాకు వినబడింది,” అంది లోపల్నుంచి తల్లి. “నెల దాటాక మళ్లీ చెప్పమను. అప్పటిదాకా నేనేం వినలేదు.”

మిషన్ మళ్లీ కదిలింది.