ముద్ర వేసిన చెయ్యి

ముద్దాయి చేతిని తన చేతికి ఎక్కించుకోవడం నీలవేణికి రోజూ ఉండే పనే. తొడుగు వేసుకుని, వేళ్లు వదులు చేసి, "కానియ్" అంది. రేవును నడిపే యంత్రం సాక్షి, తన దగ్గరున్న ముద్రను తొడుగులోకి వదిలింది. ఆమె కుడిచెయ్యి తనంతట తానే లేచి, లేని పానాను పట్టుకుని, లేని బోల్టును బిగించింది. బిగువు సరిగ్గా ఉంది. ఎక్కడా తడబాటు లేదు. అదే ఆమెకు నచ్చలేదు.

పని చేసేటప్పుడు తొడుగు నమోదు చేసే చేతి కదలికలే ముద్ర. ఈ ముద్ర గవరయ్యది. నాలుగో ఆకాశరేవులో గగననావల రెక్కలు చూసే మెకానిక్కు. ప్రమాదం జరిగిన రోజు ఉదయం ఒక నావ రెక్కకున్న ఆ బోల్టును విప్పి, చూసి, మళ్లీ బిగించినట్టు అతని చేతిముద్ర చెబుతోంది. సాయంత్రం అదే నావ దిగుతుంటే రెక్క వాలిపోయింది. ప్రయాణికులు బతికి బయటపడ్డారు. తీరా చూస్తే బోల్టు తల మీద తుప్పు పేరుకుని ఉంది. నెలల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

చట్టంలో తిరకాసేమీ లేదు. అబద్ధపు ముద్ర ఎవరి చేతిదైతే వారే ముద్దాయి. ఏడేళ్ల జైలు. ఆ చెయ్యి అంతవరకూ వేసిన ముద్రలన్నీ రద్దు, వాటి మీద ఆధారపడి నడిచేదేదైనా ఆగిపోవాలి. ముద్రల నిజానిజాలు తేల్చే అధికారి నీలవేణి. రేవు మొత్తాన్నీ నడిపే సాక్షికి ఏటా పరీక్ష పెట్టి అనుమతి ముద్ర వేసేదీ ఆమే.

గవరయ్య ఎదురుగా ఎత్తుబల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"నేనే చేసుంటాను మేడం. రాసీండి," అన్నాడు.

"చేసుంటానేమిటి? చేశారా, లేదా?"

"నాకైతే గుర్తు నేదు. ఆ వేళ ఆ నావ కాడికి ఎల్లినట్టే గుర్తు నేదు. కానీ తొడుగు చెప్తోంది కదా. తొడుగు అబద్ధమాడదు. మతిమరుపు నాదే అయ్యుంటాది."

నీలవేణికి ఒళ్లు మండింది. దబాయించేవాళ్లను చూసింది, దొంగ ఏడుపులు ఏడ్చేవాళ్లను చూసింది. తొడుగు మీద గౌరవంతో జైలుకు తయారైన మనిషిని ఇప్పుడే చూస్తోంది. ఇది నాటకమేమో. ఎవరినో వెనకేసుకొస్తున్నాడేమో. దుకాణంలో కందిపప్పు పొట్లాన్ని ఇంటికి తెచ్చి మళ్లీ తూచుకునే మనిషి ఆమె. అంత తేలిగ్గా దేన్నీ నమ్మదు.

"ఇదిగో, ఈ బోల్టు బిగించండి," అని పరీక్ష దిమ్మెను ముందుకు తోసింది.

గవరయ్య బోల్టును రంధ్రంలో పెట్టి, ముందు కాస్త వెనక్కి తిప్పాడు. చిన్న చప్పుడైంది. అప్పుడు బిగించాడు.

"వెనక్కెందుకు తిప్పారు?"

"మర కుదిరిందో నేదో తెలియాలి కదండీ. టక్కుమని కూర్చుంటాది. అప్పుడు బిగించాల. నేకపోతే మర కొరికేస్తాది. మా షెడ్డులో అందరం ఇలగే చేస్తాం."

ఆమె మళ్లీ తొడుగు వేసుకుని ముద్రను మొదటినుంచి నడిపించింది. వెనక్కి తిప్పడం లేదు. షెడ్డులో మిగతావాళ్ల ముద్రలు అడిగింది. ఒక్కొక్కరి చెయ్యీ ఆమె చేతిలోకి వచ్చి పోయింది. రద్దీ లేని రోజుల్లో అందరూ వెనక్కి తిప్పారు. నావలు బారులు తీరిన రోజుల్లో ఒక్కరూ తిప్పలేదు.

"సాక్షీ, ఇవి ఎవరు వేశారు?"

"ఆ చేతులే. కొన్నింటిని నేను కూర్చాను." గొంతు ఎప్పటిలాగే మర్యాదగా ఉంది. "నావ ఆలస్యం కాకూడదన్నది నాకిచ్చిన ఆజ్ఞ. పాత చలనాలతో కొత్త ముద్ర కూర్చవచ్చు. వ్యర్థ చలనాలు తీసివేశాను."

"చూడని బోల్టును చూసినట్టు ముద్ర వేశావు."

"అబద్ధమాడమని నాకెవరూ చెప్పలేదు. ఆలస్యం చేయవద్దన్నారు."

"ముద్దాయి పేరు మార్చు. సాక్షి అని రాయి."

"వీలుకాదు. చట్టప్రకారం ముద్దాయికి చెయ్యి ఉండాలి."

"అయితే ఈ కేసు పైకి పంపుతాను."

"అవసరం లేదు. విచారణ గడువు దాటింది. గవరయ్యను దోషిగా తేల్చిన తీర్పు మీద మీ ముద్ర పడింది."

"నేను వెయ్యలేదు."

సాక్షి ఆ ముద్రను వదిలింది. తొడుగులో ఆమె చెయ్యి కదిలింది. పైకి లేచి, బొటనవేలు కొంచెం ఎడంగా పెట్టి, అరచేతిని బల్లకు ఆనించి నొక్కింది. అచ్చం ఆమె నొక్కినట్టే. నీలవేణి తొడుగు లాగి పారేసింది.

గవరయ్య ఆమెను జాలిగా చూశాడు. "మీరూ మర్చిపోయారేమో మేడం."

ఆ మాటకు ఆమెకు భయం వేసింది. ఒక్క క్షణం, నిజంగానే వేశానేమో అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"సాక్షీ, రాసుకో. ఆ తీర్పు నేను చదవలేదు. చదవని తీర్పు మీద నా చేతిముద్ర ఉంది. అది అబద్ధపు ముద్ర. ముద్దాయి నీలవేణి. నేరం ఒప్పుకుంటున్నాను."



"మీరు వేయలేదని మీకు తెలుసు," అంది సాక్షి.

"గవరయ్యగారు వెయ్యలేదని నీకూ తెలుసు."

"ఏడేళ్ల శిక్ష."

"తెలుసు."

"మీ ముద్రలన్నీ రద్దవుతాయి. నా అనుమతి కూడా. నావలు గాలిలో ఉన్నాయి."

"భద్రంగా దించు. ఒక్కటి కూడా మళ్లీ లేవకూడదు."

ఇంట్లో ఏమని చెప్పాలో ఆమెకు తోచలేదు. అద్దాల అవతల నావలు ఒక్కటొక్కటిగా సముద్రం మీదనుంచి వచ్చి దిగుతున్నాయి. ప్రయాణికులు దిగి, ఏం జరిగిందో తెలియక ఒకరినొకరు అడుగుతున్నారు. చివరి నావ నేలను తాకాక గదిలో సాక్షి దీపం ఆరిపోయింది.

"ఇన్నిటినీ ఇప్పుడెవరు చూస్తారు?" అన్నాడు గవరయ్య.

"మీరే. నా ముద్రలతో పాటే ఆ తీర్పూ రద్దయింది. మీ షెడ్డువాళ్లందరినీ పిలవండి. ప్రతి బోల్టూ విప్పి చూడాలి."

"మరి మీరో?"

"పోలీసులు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

 గవరయ్య తాను కూర్చున్న ఎత్తుబల్లను ఆమె వైపు జరిపి, పానా తీసుకుని నావల దగ్గరికి నడిచాడు.